మేకలసాల దూలం

ఇరవై రెండేళ్ళుగా నా కుడి బుజం నొప్పి పెడుతోంది. డాక్టరుకు చూపించాను. ఎముక బాగుంది, నరం బాగుంది, నీ వయసే బాగోలేదు అన్నాడు. నాకు యాభై రెండు. ఇది వయసు నొప్పి కాదని నాకు తెలుసు. బరువు మోస్తే వచ్చిన నొప్పి కూడా కాదు. మోయాల్సిన బరువును మోయకుండా తప్పించుకుంటే వచ్చిన నొప్పి. అలాంటిది ఒకటుందని ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? అందుకే మీ దగ్గరికి వచ్చాను.

నా పేరు చెప్పను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను, మనుషుల్ని మార్చలేదు. ఊరు సగమే చెబుతాను. బొర్రా దాటాక రైలు సొరంగాల్లోంచి బయటపడి ఊపిరి పీల్చుకునే చోట, కొండవాలులో కాఫీ తోటల మధ్య ఒక చిన్న తెల్లటి గుడి కనిపిస్తుంది. ఆ గుడి మాది. దాని గంట మోగితే కటక్ దాకా వినిపిస్తుంది.

చూశారా, అప్పుడే మొదలైంది. ఆ గంట పక్క ఊరికి కూడా సరిగా వినిపించదు. నాకు పెంచి చెప్పే జబ్బుంది. చినుకు పడితే నా నోట్లో వరద. నాకున్నది రెండెకరాల కాఫీ, వెండి ఓకు చెట్లకు పాకించిన నాలుగు మిరియం తీగలు. సంతలో నేను చెప్పేది విన్నవాళ్ళు నేనొక జమీందారునని అనుకుని వెళ్తారు. గుడి పండుగల్లో మైకు నాదే. జనాన్ని నవ్వించడం నా పని. మా ఆవిడ నేను చెప్పిన దేన్నయినా నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి. ఎక్కడ భాగించకూడదో అక్కడ నేనే చెబుతాను.

మాకు క్రిస్మస్ ఉంది, యేసుస్వామి తిరిగి లేచిన పాస్కా ఉంది, ఇంటింటా జపమాల చెప్పుకునే మరియమాత నెల ఉంది, కొత్త సామలు గుడికి తెచ్చి దీవెన పెట్టించుకుని గానీ నోట పెట్టుకోని రోజు ఉంది. అన్నిటికన్నా మా వాళ్ళ గుండెల్లో ఉండేది మాత్రం తపస్సు కాలం. విభూది బుధవారం నుంచి నలభై రోజులు మాంసం ఉండదు, పెళ్ళి ఉండదు, థింసా ఆట ఉండదు. చివర్లో పవిత్ర శుక్రవారం నాడు సిలువబాట. గుడి దగ్గర బయల్దేరి కొండ మీదకి, యేసుస్వామి కష్టాలకు గుర్తుగా పద్నాలుగు స్థలాలు. ప్రతి స్థలం దగ్గరా ఆగి, మోకరించి, పాట పాడుకుని మళ్ళీ నడుస్తారు. ముందు ఒక మనిషి సిలువ మోస్తాడు.

ఆ సిలువ మామూలుది కాదు. మా తాతల కాలంలో వేగిస మాను నరికి చేసింది. పన్నెండడుగుల నిలువు, ఆరడుగుల అడ్డం, రెండూ గుండ్రటి దుంగలే. నూనె తాగీ తాగీ నల్లబడింది. దాని బరువు ఒక గున్న ఏనుగంత. సరే, భాగించండి. దాన్ని కదపాలంటే నలుగురు కావాలి, బుజాన వేసుకుని ఈడవాలంటే ఒక మంచి మగాడు కావాలి.

ఎవరు మోయాలో విభూది బుధవారం నాడే తేలుతుంది. మొక్కుకున్నవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి ఎండు సొరకాయ బుర్రలో వేస్తారు. ఇంకా పూజలో సత్ప్రసాదం అందుకునే వయసు రాని చిన్నగుంట ఒకతి చెయ్యి పెట్టి ఒక్క చీటీ తీస్తుంది. పేరు వచ్చినవాడి ఇంటికి నలుగురూ కలిసి సిలువను చేరుస్తారు. నలభై రోజులూ అది వాడింట్లో చుట్టం. రోజూ వలిసె నూనె రాయాలి. ఆ గదిలో గొంతు పెంచకూడదు. శుక్రవారం పొద్దున్న వాడే దాన్ని మోసుకుంటూ గుడికి రావాలి.

దీని చుట్టూ మా ఊళ్ళో ఒక నమ్మకం ఉంది. ఏ గురువూ నేర్పలేదు. పైగా ముగ్గురు ఫాదర్లు పూజలో ఇది తప్పని చెప్పారు. ముగ్గురికీ తల ఊపి ఇంటికొచ్చి మళ్ళీ అదే నమ్ముకున్నాం. సిలువ బరువు అందరికీ ఒకటి కాదట. మోసేవాడు మనసులో ఏం దాచుకుంటే అంత బరువెక్కుతుందట. యేసుస్వామి మూడుసార్లు పడ్డాడు కాబట్టి మూడుసార్లు మోకరిల్లవచ్చు. నాలుగోసారి పడ్డవాడి దగ్గర మాత్రం ఏదో ఉంది.

సుక్రు నాలుగోసారి పడ్డాడు.

సుక్రు నాకు బావ. నాకన్నా పదేళ్ళు పెద్ద. శుక్రవారం పుట్టాడని తల్లి పెట్టిన పేరు సుక్రు, గుడిలో పెట్టిన పేరు సీమోను. సిలువబాటలో పాట ఎత్తుకునేది అతనే. ఆ గొంతు గురించి పెంచి చెప్పడం నా వల్ల కాదు. పెంచడానికి చోటు లేదు. ఒక్కో స్థలం దగ్గర అతను మొదటి చరణం ఎత్తుకుంటే ఏడుస్తున్న పిల్లలు ఆగిపోయేవారు, ఆగిపోయిన ముసలమ్మలు ఏడ్చేవారు. ముగ్గురు బిడ్డలు పోయాక నాలుగో బిడ్డ తెరేజమ్మ నిలిచింది. ఆ పిల్లకి ఏడాది నిండిందని అతను సిలువ మొక్కుకున్నాడు. పేరు వచ్చింది. పదో స్థలం దాటాక పడిపోయాడు. సిలువ వీపు మీద, ముఖం మట్టిలో. లేవబోయాడు. లేవలేకపోయాడు. నలుగురు వచ్చి దాన్ని పైనుంచి తీశారు. మిగిలిన స్థలాలకు వాళ్ళే మోశారు. సుక్రు కొండ దిగి ఇంటికి పోయాడు.

ఎందుకు పడ్డాడు? ఆ సంగతి చివర్లో చెబుతాను. ఇప్పుడే చెప్పే ధైర్యం లేదు.

మూడు రోజుల్లో ఊళ్ళో ఒక మాట పుట్టింది. సుక్రు బిడ్డ కోసం గుట్టుగా కొండదేవతకి కోడిని ఇచ్చాడట. ఎర్ర పుంజట. అందుకే సిలువ అతన్ని తొక్కేసిందట. మీకు ఒకటి చెప్పాలి. కొండదేవతకి కోడినిచ్చే మేనమామలు, అత్తలు మా అందరికీ ఉన్నారు. వాళ్ళ పండక్కి మేం వెళ్తాం, మా క్రిస్మస్‌కి వాళ్ళొస్తారు. ఎవరి దండం వాళ్ళది. వాళ్ళు దాచుకుని చెయ్యరు, అందుకని ఎవరూ వాళ్ళని ఏమీ అనరు. గుడిలో మొక్కుకుని, సిలువ బుజానికెత్తుకుని, చాటుగా ఇంకో చోట మొక్కాడనడమే అతన్ని కోసేసింది. మొక్కు కోసం బతికే మనిషిని రెండు నాలుకల మనిషిగా చేసింది.

అతను ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. తర్వాతి ఆదివారం గుడిలో ముందు వరస వదిలి ద్వారం పక్కన చివరి చాప మీద కూర్చున్నాడు. పాట ఎత్తుకోలేదు. ఇంకెవరో ఎత్తుకున్నారు, మేక గొంతుతో. అప్పటినుంచి అంతే.

మరుసటి ఏడాది సొరకాయ బుర్రలోంచి నా పేరు వచ్చింది.

మొక్కు ఏమీ లేదు నాకు. సంతలో వాగాను, అంతే. ఒంటి బుజాన మోస్తానని, మోస్తూ పొగాకు నములుతానని, కావాలంటే మార్తమ్మ పిన్నిని కూడా సిలువ మీద కూర్చోబెట్టుకుని మోస్తానని. మాట నిలబెట్టుకోకపోతే పరువు పోతుందని చీటీ వేశాను. ముప్ఫై పేర్లలో నాదెందుకు వస్తుందిలే అనుకున్నాను. వచ్చింది.

అప్పుడు నేను చోడి కంకి మోసే కాడలా ఉండేవాణ్ణి. సిలువ ఇంటికొచ్చిన రోజు ఎవరూ లేనప్పుడు ఒకసారి ఎత్తి చూశాను. లేవలేదు. అసలు భయం బరువు గురించి కాదు. పడితే? నాలుగోసారి పడితే? నా లోపల ఏముందో ఊరంతా వెతుకుతుంది. సుక్రు లోపల ఏమీ లేకపోయినా ఒక కోడిని వెతికి పట్టుకున్నారు. నా లోపల నిజంగానే ఉన్నాయి. ఏమున్నాయో ఆ నలభై రోజులూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మా కాఫీ తోట అంచున గాలికి పడిపోయిన జీలుగు చెట్టొకటి ఉంది. ఆ చెట్టు కల్లు నేను తపస్సు కాలంలో కూడా తాగాను, కాబట్టి నా సంగతి తెలిసిన చెట్టు. జీలుగు పైన ఇనుము, లోపల మెత్తటి దూది. ఆ దూదిని తోడేస్తే కొండ నీళ్ళు పారించే గొట్టమవుతుంది. నేను సిలువ చేశాను. పన్నెండడుగులు నిలువు, ఆరడుగులు అడ్డం. లోపలంతా తోడేశాను. చివర్లకి చెక్క బిళ్ళలు కొట్టాను. కాఫీ తొక్కలు నానబెట్టిన నీళ్ళు, పొయ్యి మసి, వలిసె నూనె కలిపి పది పూతలు పూశాను. మా ఆవిడ కాన్పుకు పుట్టింట్లో ఉంది. మధ్యాహ్నాలు అందరూ తోటల్లో ఉన్నప్పుడు తలుపేసుకుని చేశాను. ఇంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ మంచి పనీ చెయ్యలేదు.

అసలు సిలువ మేకులు పీకి, రెండు దుంగలూ విడదీశాను. మేకలసాల కప్పు ఎలాగూ కుంగుతోంది. పెద్ద దుంగని దూలంగా ఎక్కించాను, ఆ సాయంకాలం నా బావమరుదులిద్దరూ వచ్చి ఒక చెయ్యి వేశారు, కొత్త దూలమని చెప్పాను. చిన్నదాన్ని నిలువు గుంజగా పాతాను. యేసుస్వామి పుట్టింది పశువుల పాకలోనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాను కూడా. మీరే చెప్పండి, తప్పు చేస్తూ కూడా నవ్వుకోగలిగిన మనిషిని ఏమనాలి?

పవిత్ర శుక్రవారం నాడు నేను మోసిన తీరు చూసి కొండలు తలలు వంచాయి. పడాల్సిన మూడు చోట్లా అందంగా పడ్డాను, కొంచెం మూలిగాను. మిగతా చోట్ల సిలువే నన్ను మోసినట్టు నడిచాను. పన్నెండో స్థలం కొండ నెత్తిన ఉంటుంది. అక్కడ గోతిలో సిలువను నిలబెట్టాలి. ఎత్తి దించాను. మొదలు రాతికి తగిలి, లోపలినుంచి పెద్ద కుండ మోగినట్టు ఒక శబ్దం వచ్చింది. ఫాదర్ ప్రార్థన చదువుతున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. సుక్రు మాత్రం తల ఎత్తాడు. డోలు కట్టే చేతులవి. ఏ చెక్క ఏ గొంతుతో పలుకుతుందో అతనికి తెలుసు. సిలువను చూశాడు, నన్ను చూశాడు.

నేను అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. దిగేటప్పుడు మార్తమ్మ పిన్ని అడిగింది, "ఏరా, సెమట కూడా పట్టనేదు, బరువు నేదేటి నీకు?" అని. సుక్రు మూడడుగుల దూరంలో ఉన్నాడు. అది తెలిసే అన్నాను, గట్టిగా, అందరికీ వినపడేలా:

"మనసులో ఏటీ దాసుకోనోడికి బరువేటి పిన్నీ."

జనం నవ్వారు. కొందరు సుక్రు వైపు తిరిగారు. అతను తల దించుకుని నడిచాడు. అప్పటికే అతనికి ఆ శబ్దం తెలుసు. ఒక్క మాట అంటే చాలు, నేను కొండ మీదనుంచి బొర్రా గుహల్లోకి దొర్లేవాణ్ణి. అనలేదు.

పాస్కా ఆదివారం మధ్యాహ్నం అతను మా ఇంటికొచ్చాడు. అడ్డాకు దొన్నెలో కొత్త మామిడికాయ ముక్కలు తెచ్చాడు, ఉప్పూ కారం వేసి. మేకలసాల అరుగు మీద కూర్చున్నాం. తల ఎత్తి కప్పు చూశాడు.

"బావా, కొత్త దూలం ఎక్కించినావేటి?"

"ఆఁ. పాతది సెదలు తినేసినాది."

"మంచి దూలం. వేగిస." లేచి నిలబడి దాన్ని అరచేత్తో తడిమాడు. ఒకచోట ఆగాడు. తరతరాల బుజాలు రాసుకుని నున్నబడ్డ చోటు. "దీన్ని నానెరుగుదును. నా బుజానికి తెలుసు."

ఇరవై కథలు ఒకేసారి గొంతు దాకా వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఊళ్ళో సెప్తావేటి?" అన్నాను చివరికి.

"నానేటి సెప్పాలి బావా. సెప్తే నువ్వు పడతావు." మళ్ళీ కూర్చున్నాడు. దొన్నె నా వైపు జరిపాడు. "పడితే లెగడం ఎంత కష్టమో నాకు తెలుసు కదా. నీకెందుకా తిప్పలు."

"మరి నువ్వు?"

"నాను పడిపోయే ఉన్నాను. కొత్తగా పడేదేటుంది? నువ్వే సెప్పు. నీకు బుద్ది పుట్టినప్పుడు సెప్పు. బేగి పుడితే మంచిది."

వచ్చే ఆదివారం చెబుతానన్నాను. అలాంటి ఆదివారాలు ఇరవై రెండేళ్ళలో ఎన్నో మీరే లెక్కేసుకోండి.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఆ జీలుగు సిలువే గుడిలో ఉండిపోయింది. మరుసటి ఏడాది నలుగురు ఎత్తబోతే ఇద్దరికే లేచింది. ఎండి తేలికపడిందన్నారు కొందరు. మనం మంచివాళ్ళమయ్యాం అన్నారు మిగతావాళ్ళు. రెండోదే అందరికీ నచ్చింది. ఆ తర్వాత మోసిన ప్రతివాడూ పువ్వులా మోశాడు. భార్యను కొట్టేవాడు మోశాడు, పక్కవాడి గట్టు జరిపేవాడు మోశాడు, ఎవరికీ చెమట పట్టలేదు. ఊరు ఊరంతా పుణ్యాత్ములతో నిండిపోయింది. ఫాదర్ చెవిలో తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారని ఫాదర్ బెంగపెట్టుకున్నారు. నేను మాత్రం రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి, "కలప విషయంలో మోసం చేశాను ఫాదర్" అన్నాను. ఆయన అడవి చెట్లు దొంగతనంగా అమ్మాననుకుని, మూడు జపమాలలు చెప్పి పది మొక్కలు నాటమన్నారు. నాటాను. రెండోసారి వచ్చిన కొత్త ఫాదర్‌కు ఇంకా తక్కువ చెప్పాను.

నవ్వు అక్కడితో అయిపోయింది. ఊళ్ళో అందరూ సిలువను అవలీలగా మోస్తుంటే, పడిపోయినవాడు ఒక్కడే మిగిలాడు. ఏడాదికేడాది సుక్రు పాపం పెరిగింది. అతను కొత్తగా ఏదీ చేసి కాదు, మేమందరం పడకపోయి. తెరేజమ్మ బడికెళ్ళే రోజుల్లో పిల్లలు దాన్ని కోడిపిల్ల అని పిలిచేవారు. కోడి వల్ల బతికిన పిల్ల అని. ఒకసారి ఆ గుంట మా ఇంటికొచ్చి, "మావా, కోడిపిల్ల అంటే ఏటి?" అని అడిగింది. నేను ఏదో కోడి కథ చెప్పి నవ్వించి పంపాను. నవ్వించడం వచ్చు కదా నాకు.

ఈ ఏడాది విభూది బుధవారం నాడు చిన్నగుంట చీటీ తీసింది. సీమోను సుక్రు అని చదివారు. అరవై రెండేళ్ళ మనిషి, ఆయాసం మనిషి, చీటీ ఎప్పుడు వేశాడో ఎవరికీ తెలియదు. నాకు లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. జీలుగు సిలువే కదా, తేలిగ్గా మోసేస్తాడు, పేరు తిరిగొస్తుంది, నేను నోరు విప్పాల్సిన పనే ఉండదు. నా మోసమే అతన్ని గట్టెక్కిస్తుంది. ఎంత తెలివైన దేవుడు అనుకున్నాను.

ఆ ఆదివారం పూజ అయ్యాక సుక్రు నా పక్కకొచ్చి, "మేకలసాల దూలం దించు బావా. నాకు నా సిలువ కావాల" అన్నాడు. అంతే. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతికిపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న కప్పుకి వెదురు గుంజలు ఆన్చి దూలం దించాను. గుంజ పీకాను. పాత గాడిలో చిన్నదుంగని కూర్చి మేకులు కొట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. అప్పటికి ఆమెకు చెప్పేశాను. ఈసారి నాలుగుతో భాగించలేదు. "బుజం మీద తువ్వాలేసుకో" అంది, తెచ్చి తనే వేసింది.

మా ఇంటినుంచి సుక్రు ఇంటికి అర కిలోమీటరు. ఆ రోజు నాకది విశాఖపట్నం. పది అడుగులకే దించేశాను. మార్తమ్మ పిన్ని వాకిలి అది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. "ఏటిరా అది, మట్టల ఆదివారం కూడా రానేదు, అప్పుడే సిలువ మోస్తన్నావు?" అంది. చెప్పాను. ఇది అసలుది, ఇన్నేళ్ళూ గుడిలో ఉన్నది జీలుగు, నేనే మార్చాను అని. ఆమె నన్ను చూసి, సిలువను చూసి, పకపకా నవ్వింది. "నీ కతలు తగలెయ్యా. మేకలసాలలో ఎట్టినావా? ఓలమ్మా." కళ్ళనీళ్ళు తుడుచుకుని పక్కింటివాళ్ళను కేకేసింది. వాళ్ళకూ చెప్పాను. వాళ్ళూ నవ్వారు. ఎక్కడ దించితే అక్కడ జనం, ఎక్కడ చెబితే అక్కడ నవ్వు. ఇరవై రెండేళ్ళు దాచుకున్నది బయటపెడుతుంటే నా జనం నన్ను చూసి చప్పట్లు కొడుతున్నారు. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ ఫాదర్ వేయగలడు?

ఆరోసారి దించినప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరూ ఈ మధ్య ఏళ్ళలో జీలుగు సిలువను పువ్వులా మోసినవాళ్ళు, సాయం పడదామని వంగారు. ఎత్తబోయారు. ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు మెల్లగా అన్నాడు, "సుక్రు పెదనాన్న దీన్ని పదో స్థలం దాకా మోసినాడా?"

నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత సుక్రు వాకిలి దాకా అందరూ నా వెనకే నడిచారు. అతను గుమ్మంలో ఉన్నాడు. "బేగి దించు బావా, బుజం వాసిపోద్ది" అన్నాడు. వలిసె నూనె గిన్నె తెచ్చి, ముందు నా బుజానికి రాశాడు, తర్వాత సిలువకి.

పవిత్ర శుక్రవారం నాడు అతను నాలుగు స్థలాలు మోశాడు. ఐదో స్థలం, దారిన పోయే సీమోను యేసుస్వామి సిలువకి సాయం పట్టిన స్థలం. అక్కడ ఆగి, రొప్పుతూ వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు. "పేరు నాదే గానీ, ఈయేల సీమోనువి నువ్వే. పట్టు." పట్టాను. మిగతా కొండంతా నేనే మోశాను. బరువు దిగిన సుక్రు నా పక్కన నడుస్తూ గొంతు సవరించుకున్నాడు. ఆరో స్థలం దగ్గర పాట ఎత్తుకున్నాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత. గొంతు పగిలింది, మొదటి చరణంలో రెండుసార్లు ఆగింది. ముసలమ్మలు ఏడ్చారు. నేను ఏడుగురి ముందు కాదు, ఏడొందలమంది ముందు పడ్డాను. ఏడుసార్లు పడ్డాను. భాగించకండి, ఏడే. పడ్డ ప్రతిసారీ అతను పాట ఆపకుండా ఒక చేత్తో నన్ను లేపాడు. మా వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? చూశారా, దాచుకున్నాడు కాబట్టే బరువెక్కిందట. నిజం చెప్పి ఆ నమ్మకాన్ని చంపేద్దామనుకున్నాను. ఇంకో వందేళ్ళు ఆయుష్షు పోశాను. జీలుగు సిలువని ఫాదర్ నా వాకిట్లోనే పెట్టుకోమన్నారు. చివరి బిళ్ళలు ఊడిపోయాయి. గాలి వస్తే ఊళ వేస్తుంది. పాపసంకీర్తనానికి మళ్ళీ వరసలు కడుతున్నారు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. నేను పడ్డాను, లేచాను, అతను పాడాడు. మంచి కథ. నేను చెప్పే కథలన్నీ ఇలాంటి చోటే ఆగుతాయి.

పాస్కా రోజు పూజ అయ్యాక తెరేజమ్మ వచ్చింది, చంకలో బిడ్డతో. నా రెండు చేతులూ పట్టుకుంది. "మావా, నాన్న పాడినాడు. నువ్వు పరువు ఒగ్గేసుకుని సెప్పబట్టే పాడినాడు. నీ రుణం నానెలా తీర్చుకోను" అంది. అప్పుడే ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. మిగిలింది కూడా చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరవగానే జనం నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. మైకు ఇచ్చేశాను. అందుకే ఇలా కాగితం మీదకు వచ్చాను. కాగితం నవ్వదు.

మిగిలింది ఇది.

సుక్రు పడిపోయిన ఆ పవిత్ర వారంలో, బుధవారం నాడు, అతన్ని సూది పొడిచి రక్తం చూసే చోటికి తీసుకెళ్ళింది నేనే. మలేరియా అన్నారు. వణుకుతూ నా దుప్పటి కప్పుకుని నడిచాడు. "ఎవుడికీ సెప్పకు బావా, సిలువ మొయ్యనివ్వరు" అన్నాడు. సరేనన్నాను. శుక్రవారం అతను పడ్డప్పుడు ఆ ఒట్టుకి ఇక పనిలేదు. జ్వరం అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకు? ఒట్టు కోసమా? కాదు. సోమవారం సంతలో జనం నా చుట్టూ చేరి, సుక్రు ఎందుకు పడ్డాడని అడిగారు. జ్వరమని చెబితే అయ్యో అని వెళ్ళిపోతారు. నాకు వాళ్ళు వెళ్ళిపోవడం ఇష్టం లేకపోయింది. కోడి అన్నాను. అందరూ దగ్గరికి జరిగారు. ఎర్ర పుంజు అన్నాను. ఇంకా దగ్గరికి జరిగారు.

ఆ మాట ఊళ్ళో పుట్టలేదు. నా నోట్లో పుట్టింది. సుక్రుకి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసే నా బుజానికి నూనె రాశాడేమో అని అనుకున్నప్పుడల్లా కూర్చున్నచోటనుంచి లేవలేకపోతున్నాను. నేను పడిపోకుండా ఇన్నేళ్ళు నా పరువు మోసిన మనిషికి, తన పాట కూడా నాకిచ్చిన మనిషికి, దండం పెట్టుకోవడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తాడు, అదే నా భయం.

తెరేజమ్మా, ఇది ఎప్పుడైనా నీ చేతికొస్తే, నువ్వు చిన్నప్పుడు అడిగినదానికి జవాబు. మీ నాన్న ఎక్కడా ఏదీ దాచుకోలేదు. కోడి లేదు. జ్వరం ఉంది. రెండూ నాకు తెలుసు.

దీన్ని దేనితోనూ భాగించకండి.